మా బావ నీళ్ళు ముట్టడు

మా అక్క మొగుడు కార్లు శుభ్రం చేస్తాడు, చుక్క నీళ్ళు వాడకుండా. స్కూటరు వెనక రెండు డబ్బాలు, వాటిలో లిక్విడ్ సీసాలు, అరవై మెత్తటి గుడ్డలు, చక్రాలకి రెండు బ్రష్‌లు. ఇదే మా సరంజామా. కస్టమరు ఇంటి ముందుకే వెళ్తాం. స్కూటరు నడిపేదీ, ఫోన్లు మాట్లాడేదీ నేను. కాలేజీ రెండో ఏడాదిలో మానేశాను కాబట్టి నాకింకేం చేతకాదని ఇంటిల్లిపాదీ నమ్మకం. నిజమే అనుకోండి.

కరపత్రం మీద ‘నీటిని కాపాడదాం, భూమిని కాపాడదాం’ అని రాసింది నేనే. పక్కన పచ్చటి ఆకు బొమ్మ. జనం ఆ ఆకుని చూసి తెగ మెచ్చుకుంటారు. మా బావకి భూమి గురించి పెద్ద బెంగేం లేదు. ఆయన నీళ్ళ పైపు పట్టుకోలేడు. పైపులోంచి నీళ్ళు జోరుగా కొట్టే చప్పుడు వింటే చాలు, మెడ నరాలు బిగుసుకుపోతాయి. అసలు సంగతి అదీ.

అంతకుముందు పదకొండేళ్ళు బావ కార్లు కడిగే షెడ్డులో పనిచేశాడు. ఇద్దరే మనుషులు, బావా, రేడియో. రేడియో అంటే మనిషే. నోరు మూతపడదని ఆ పేరు. బావకంటే పెద్దవాడు, బావ ఆయన్ని ‘అన్నా’ అని పిలిచేవాడు. కారు బానెట్‌తో కూడా కబుర్లు చెప్పే రకం. ఒక మధ్యాహ్నం షెడ్డులో కరెంటు షాక్ కొట్టి పోయాడు. ఆ తర్వాత బావ మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. నాలుగు నెలలు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మా అక్క మాట్లాడితే ఊఁ, అన్నం పెడితే ఊఁ. చివరికి నేనే ఫోనులో ఒక వీడియో చూపించాను, నీళ్ళు లేకుండా కారు తుడవటం గురించి. ఏడెనిమిది సార్లు చూశాడు.

“ఒరేయ్, దీన్లో చప్పుడే లేదురా,” అన్నాడు.

వ్యాపారం అలా మొదలైంది.

మొదటి కస్టమరు ఒక రిటైరైన లెక్చరరు. బనీను మీద బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“నీళ్ళు లేకుండా స్నానం చేయిస్తావటయ్యా నా కారుకి?”

“స్నానం అయ్యాక ఎలా ఉంటుందో అలా ఉంటుంది సార్. మీరు చూస్తూ ఉండండి.”

“గీత పడిందో, నీ వీపు మీదా పడుతుంది.”

బావ నవ్వలేదు. లిక్విడ్ చల్లి, దుమ్ము నానేదాకా ఆగాడు. గుడ్డని నాలుగు మడతలు వేసి, ఒకే వైపుకి, చంటిపిల్లాడి ముఖం తుడిచినట్టు తుడిచాడు. ఒక మడత మాసిపోతే ఇంకో మడత. ఒక గుడ్డకి ఎనిమిది ముఖాలు. కింద పడిన గుడ్డని మళ్ళీ కారుకి తాకనివ్వడు, ఒక్క ఇసుక రేణువు చాలు గీత పడటానికి. బురద పేరుకున్న బండి అయితే ముట్టుకోకుండా తిప్పి పంపేస్తాడు. లెక్చరరు తలుపు మీద తన ముఖం చూసుకుని జుట్టు సవరించుకున్నాడు. వాళ్ళ వీధిలోనే ఇంకో ఐదు కార్లు దొరికాయి.

అయితే గుడ్డలు ఉతకాలిగా. నీళ్ళు లేని ఈ వ్యాపారంలో నీళ్ళున్నది ఒక్క చోటే, రేడియో భార్య ఇంట్లో. ఆ పని ఆవిడకే ఇవ్వాలని బావ పట్టుబట్టాడు. వారానికి మూడుసార్లు సాయంత్రం మాసిన మూట ఇచ్చి, ఉతికిన మూట తెచ్చుకుంటాం. మూట అందుకుంటూ ఆవిడ ప్రతిసారీ ఒకటే అడిగేది.

“మరిదీ, మీ అన్న ఆఖర్న ఏమన్నాడు?”

“ఏం అనలేదు వదినా. అంత వ్యవధి లేదు.”

“నిద్రలో కూడా వాగే మనిషి. పోయేటప్పుడు ఒక్క ముక్కా అనలేదూ?”

బావ మూట భుజాన వేసుకుని గేటు దాటేసేవాడు. రెండేళ్ళు ఇదే వరస. అది చూసి నాకు ఒళ్ళు మండేది. ఏదో ఒకటి అన్నాడని చెబితే పోయేదేముంది?

ఆ ఏదో ఒకటి ఏమిటో నాకు ఒక అపార్టుమెంటు సెల్లారులో తెలిసింది. బావ ఒక తెల్లకారు అద్దం తుడుస్తున్నాడు. అవతల వాచ్‌మన్ కుండీలకి నీళ్ళు పడుతున్నాడు. పైపు అతుకు దగ్గర కారి నేలంతా తడి. పై అంతస్తులోంచి ఎవరో ఆవిడ అరిచింది.

“ఏయ్, కట్టెయ్! నీళ్ళన్నీ పోతున్నాయ్, కట్టెయ్!”

బావ పరిగెత్తాడు. నీళ్ళ పైపంటే ఆమడదూరం ఉండే మనిషి తడిలో మోకాళ్ళ మీద కూలబడి, చేతిలో గుడ్డతో ఆ అతుకు చుట్టూ చుట్టటం మొదలుపెట్టాడు. ఒక చుట్టు, రెండు, మూడు. పళ్ళ బిగువున లాగి ముడేస్తున్నాడు.

“ఆవిడ కుళాయి కట్టమంటే నువ్వు పైపు కడతావేంటయ్యా?” అన్నాడు వాచ్‌మన్, నవ్వుతూ.

బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మెట్ల మీద కూర్చోబెట్టాను. నాతో కాదన్నట్టు గోడని చూస్తూ చెప్పాడు.

“అన్న కారుకి అటు ఉన్నాడు. నేను ఇటు, మోటారు పక్కన. నాకు కనపడడు. పొద్దున్నుంచీ జాయింటు కారుతోంది, కడదాం కడదాం అనుకుంటున్నాం. ‘కట్టెయ్’ అని అరిచాడు. ఒక్కసారే. నేను ట్యూబు ముక్క తీసి జాయింటు కట్టానురా. మూడు చుట్లు. నీటుగా. మోటారు స్విచ్చి నా భుజం పక్కనే ఉంది.”

“బావా...”

“ముడేశాక ‘అయిపోయిందన్నా’ అన్నాను కూడా. పలకలేదు. రేడియో పలక్కపోవటమేంటి అని అటు వెళ్ళి చూశాను. నాకు రబ్బరు బూట్లున్నాయి. ఆ రోజు అన్నకి చెప్పులు.”

మా ఇంట్లో ఫ్యాను కట్టమనీ, పొయ్యి కట్టమనీ ఎవరూ ఎందుకు అనరో అప్పుడు తెలిసింది. అక్క ‘ఆపు’ అంటుంది, ‘ఆర్పు’ అంటుంది. ఆ మాట ఇంట్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది, నేనే గమనించలేదు.

“ఆవిడకి చెప్పెయ్ బావా.”

“చెబితే నా ముఖం చూస్తుందా?”

“చూడకపోతే చూడదు. ఆవిడ మొగుడి మాట నీ దగ్గర పెట్టుకుంటావేంటి?”

తిడతాడనుకున్నాను. లేచి వెళ్ళి తెల్లకారు అద్దం మిగతా సగం తుడిచాడు.

ఆ సాయంత్రం ఆవిడ మామూలుగానే అడిగింది. బావ మూట కింద పెట్టేశాడు. “కట్టెయ్ అన్నాడు వదినా,” అన్నాడు.

ఆవిడ నవ్వింది. నేనది ఊహించలేదు.

“అంతేనా! ఇంట్లోనూ అదే గోల. స్టవ్ కట్టెయ్, టీవీ కట్టెయ్, సంచి మూతి కట్టెయ్. ఏది కట్టాలో చెప్పి చావడు. మనమే కనుక్కోవాలి...” నవ్వు మధ్యలోనే ఆగింది. బావ వైపు చూసింది. “నువ్వేం కట్టావు?”

“జాయింటు.”

ఆవిడ గుమ్మంలో కూర్చుంది. తిడితే బాగుండును. కొట్టినా బాగుండును. వీధిలో సైకిలు మీద ఎవరో వెళ్ళారు. ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూసింది.

“ఎలా అన్నాడు?”

“గట్టిగా.”

“అను.”

“వద్దు వదినా.”

“అనవయ్యా. రెండేళ్ళు నువ్వొక్కడివే విన్నావు. నాకూ వినిపించు.”

బావ కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. వచ్చిన గొంతు మా బావది కాదు. నేను రేడియోని ఎరుగుదును. మాట చివర పైకి లేపే ఆ విరుపు ఆయనదే, ముమ్మూర్తులా ఆయనదే.

“ఇంకోసారి,” అందావిడ.

అన్నాడు. ఇంకా గట్టిగా. పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగి చూసింది. “ఏమైందే? ఎవరే ఆ అరుపు?”

“ఏం లేదొదినా,” అంది రేడియో భార్య, తల తిప్పకుండానే. “మా ఆయన.”

ఇది జరిగి ఏడు నెలలు. కార్లు పెరిగాయి, స్కూటరు ఇంకొకటి కొన్నాం. ఆవిడ ఇప్పుడు ఆ పాత ప్రశ్న అడగదు. మూట అందుకుని గుమ్మంలో కూర్చుంటుంది. బావ వైపు చూస్తుంది. కొన్నిసార్లు ఊరికే చూసి లేచిపోతుంది. కొన్నిసార్లు ‘ఊఁ’ అంటుంది. అప్పుడు బావ కళ్ళు మూసుకుంటాడు. నేను స్కూటరు స్టార్టు చేసి ఇంజను రొద పెంచుతాను, అయినా ఆ అరుపు వినపడుతుంది.

క్షమించిందా అని ఒకసారి అడిగాను.

“ఆ ఊసే ఎత్తలేదురా,” అన్నాడు బావ. “అనమన్నప్పుడు అంటున్నాను, అంతే.”