రెండో గేరు

పోలినాయుడి అంబాసిడర్ తండ్రి హయాంలోది. పాత కార్లు పోగుచేసేవాళ్లు విశాఖ నుంచి వచ్చి అడిగినా అమ్మలేదు. తాళం తిప్పితే ఇంజను లేపే సెల్ఫ్ అరిగిపోయి ముప్పై ఏళ్లయింది. రోజూ బెల్లం మార్కెట్‌కి బయల్దేరే ముందు పంచె ఎగ్గట్టి, డిక్కీకి రెండు అరచేతులూ ఆన్చి తోస్తాడు. భార్య కుమారికి కారు నడపడం రాదు. రెండో గేరులో క్లచ్ వదలడం మాత్రం వచ్చు. ఇంజను అందుకోగానే ఆమె దిగుతుంది, ఆయన ఎక్కుతాడు.

మొన్న కారును కూతురు దివ్య పేర రాశాడు. ఆమె ఆయనకు చెప్పకుండా కొత్త సెల్ఫ్ వేయించి, ఇవాళ తల్లి బదులు తనే స్టీరింగు ముందు కూర్చుని, ఆయన వెనక్కి వెళ్లి చేతులు ఆన్చేలోపే తాళం తిప్పింది. కారు పదడుగులు వెళ్లి ఆగింది. నాయుడి చేతులు గాలిలో ఉండిపోయాయి.

"ఎక్కు నాన్నా, సెల్ఫ్ ఏయించేను."

"ఇంజనాపు. నానింకా తొయ్యనేదు."

దివ్య ఇంజను ఆపి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కిపట్టుకుని కూర్చుంది. ఆయన పంచె ఎగ్గట్టాడు.