అక్క దగ్గర నాలుగు జావాలు

ఆఫీసులో వయసులో పెద్దది కాబట్టి ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. అసలు పేరు యజమానికి కూడా చప్పున గుర్తురాదు. పాత ప్రోగ్రాముల ఆలనాపాలనా ఆమె పని. గ్రంథాలయానికి, కంటి ఆసుపత్రికి, బస్సు డిపోకు ఎప్పుడో రాసిచ్చినవన్నీ ఆమె చేతిలోనే ఉన్నాయి. అవన్నీ జావా అనే కంప్యూటర్ భాషలో రాసినవే అయినా, ఒక్కో ప్రోగ్రాము తన కాలం నాటి జావా కిట్‌తో తప్ప కదలదు. అందుకే ఆమె కంప్యూటర్లో నాలుగు జావాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. ఏ పనికి కూర్చుంటే దానికి తగినదాన్ని ఎంచుకోవాలి.

ఈ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు నోరెళ్లబెట్టింది.

"నాలుగు రకాల జావలా! మీ ఆఫీసులో అందరికీ జ్వరాలేంటే?"

అక్క పొట్ట పట్టుకుని నవ్వింది.

ఒకరోజు డిపో పని కోసం కొత్త జావాకు మారింది. ఆ ధ్యాసలో తిరిగి పాతదానికి మారడం మరిచిపోయి, గ్రంథాలయం వాళ్లు అడిగిన చిన్న మార్పు కూడా దానితోనే చేసి పంపేసింది. మర్నాడు లైబ్రేరియన్ ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, నీ ప్రోగ్రాం అలిగి కూర్చుంది. ఎంత నొక్కినా తెరుచుకోవట్లేదు."

అక్క ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని పరుగున వెళ్లింది. పిల్లలు పుస్తకాలు పట్టుకుని బల్ల ముందు బారులు తీరారు. ముసలి లైబ్రేరియన్ ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో చీటీల మీద చేత్తో రాసిస్తున్నాడు.

తెర మీది ఎర్ర అక్షరాలు చూడగానే ఆమెకు విషయం అర్థమైంది. కొత్త జావాతో తయారైన ప్రోగ్రాము అక్కడి పాత కంప్యూటరుకు మింగుడుపడలేదు.

"తప్పు నాదే బాబాయ్‌గారూ. వేరే జావాతో చేసి పంపేశాను."

"పోనీలే తల్లీ. చాన్నాళ్లకి కలం పట్టాను. వీళ్లు నా రాత చూసి ఒకటే నవ్వు!"

అక్క అక్కడే కూర్చుని పాత జావాను ఎంచుకుని, ప్రోగ్రామును మళ్లీ తయారుచేసి పెట్టింది. ఈసారి అది తెరుచుకుంది. పెద్దాయన కలం మూసేయబోతే వరుసలోని చిన్నపిల్ల ఒప్పుకోలేదు.

"తాతా, నాకు చీటీనే కావాలి!"

ఆయన మురిసిపోతూ రాసిచ్చాడు.

ఆఫీసుకు వచ్చాక అక్క ప్రతి ప్రోగ్రాము ఫోల్డరులోనూ దానికి ఏ జావా కావాలో రాసిపెట్టింది. ఫోల్డరు తెరవగానే కంప్యూటరే సరైనదానికి మారేట్టు చేసింది.

అది చూసి యజమాని అడిగాడు. "ఇంత తంటా ఎందుకక్కా? పాత జావాలు తీసేద్దామా?"

"ఆ లైబ్రరీ కంప్యూటర్‌కి ఓపిక ఉన్నన్నాళ్లు ఉండనివ్వండి సార్."

ఆయన నవ్వేసి వెళ్లిపోయాడు. అప్పుడుగానీ అక్క మధ్యాహ్నం తినాల్సిన అన్నం డబ్బా మూత తీయలేదు.