ట్రాక్టరు పద్ధతిలో కొన్న ల్యాప్‌టాప్

నేను ఇంజనీరింగులో చేరగానే, చదువుకూ వీడియోల ఎడిటింగుకూ మ్యాక్ ల్యాప్‌టాపే కొనాలని అన్నయ్య పట్టుబట్టాడు. నా గేములన్నీ నడిచేది విండోస్‌లోనే. ఆ మాట నాన్న ముందు అనే ధైర్యం నాకెక్కడిది?

మా ఊరు రొంపిచెర్లలో ట్రాక్టరు కొన్నా మోటారు కొన్నా నాన్న ముందు మెకానిక్‌నే అడుగుతాడు. ఈసారీ నన్ను వెంటబెట్టుకుని, నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాడు.

“రేపు చెడిపోతే నీ చేత బాగయ్యేది ఏది భాయ్?”

“విండోసే అన్నా. మ్యాకయితే గుంటూరు పంపాల్సిందే.”

“అయితే విండోసే” అన్నాడు నాన్న.

బతికిపోయాననుకున్నాను. సంతోషం బయటపడకుండా మొహం బిగబట్టుకుని బండెక్కాను.

నాన్న వెనక్కి తిరక్కుండానే అన్నాడు: “నవ్వొస్తే నవ్వమ్మా. నీ గేములు గూడా దాంట్లోనే ఆడతయ్యంట. ముందే భాయ్‌ని ఫోన్లో అడిగి కనుక్కున్నాలే.”