న్వాకాయేగో అడిగిన కొట్టు

న్వాకాయేగో కాపురానికొచ్చిన రెండో నెలలోనే ఆ ఇంటికి మొదటి కుర్రాడు పని నేర్చుకోడానికి వచ్చాడు. మొగుడు ఒక్వుదిలికి న్నెవి ఊరి బజార్లో మోటారుసైకిల్ విడిభాగాల కొట్టు. వచ్చినవాడు ఆరేడేళ్లు ఇంట్లోనే తిని, ఇంట్లోనే పడుకుని, కొట్లో చాకిరీ చేస్తాడు. గడువు తీరాక ఓగా, అంటే వాడి యజమాని, పెట్టుబడి పెట్టి వాడి చేత సొంత కొట్టు తెరిపిస్తాడు. ఇరవై తొమ్మిదేళ్లలో అలా తొమ్మిదిమంది.

కొట్లో వాళ్లకేం నేర్పాడో ఒక్వుదిలికే తెలియాలి. ఇంట్లో మాత్రం అందరిదీ ఒకటే ఆకలి. తెల్లారకముందే పెండలం ఉడకాలి. సాయంత్రానికి కర్రపెండలం ముద్ద, పులుసు. ఒకడికి మలేరియా వస్తే న్వాకాయేగో పక్కన కూర్చునేది. ఇంకొకడు అమ్మ మీద బెంగతో పక్క తడిపితే, ఓగా చెవిన పడకముందే దుప్పటి ఉతికి ఆరేసేది.

తొమ్మిదోవాడు చిజిందు గడువు తీరిన రోజు వాకిట్లో కుర్చీలు వేశారు. పెద్దలు ఆచారం ప్రకారం కోలాగింజ విరిచి పంచారు. చిజిందు ఓగా ముందు మోకరిల్లాడు. ఒక్వుదిలి దీవించి కొత్త కొట్టు తాళంచెవి చేతిలో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అన్నం గిన్నె మోసుకొస్తున్న న్వాకాయేగోకి నడుం పట్టేసింది. గిన్నె అక్కడే నేలమీద దింపేసింది.

“పెద్దలున్నారు కదా, నాదీ ఒక మాట.”

“వడ్డించాక చెబుదువుగానిలే,” అన్నాడు ఒక్వుదిలి.

“వడ్డించాక నాకు మాట రాదు, నిద్రొస్తుంది. ఏమండీ, వీడు ఏడేళ్లు చేశాడు. నేను ఇరవై తొమ్మిదేళ్లు చేశాను. నా గడువు ఎప్పుడు తీరుతుంది?”

పెద్దలు గొల్లున నవ్వారు. “ఒరే ఒక్వుదిలీ, నీ పదోవాడు ఇంట్లోనే ఉన్నాడురోయ్!” అన్నాడొక ముసలాయన. ఒక్వుదిలి కూడా నవ్వాడుగానీ ఆమె మొహం చూసి ఆపేశాడు.

మర్నాడు పొద్దున్నే అందుకున్నాడు. “నలుగురిలో పరువు తీశావు కదే!”

“నడుం లాగేస్తుంటే మీ పరువు గుర్తు రాలేదండీ.”

“సరే, ఏం కావాలి?”

“కొట్టు. పొయ్యి లేని కొట్టు.”

వానలు తగ్గనీ, సరుకు దిగనీ అంటూ ఏడాదిన్నర తిప్పాడు. ఈలోగా చెల్లెలి కొడుకుని పనికి తెస్తానన్నాడు. “తెచ్చుకోండి. వండేవాళ్లని కూడా వెంట తెచ్చుకోండి,” అని ఆమె మూడు రోజులు పొయ్యి వెలిగించలేదు. నాలుగో రోజు ఒక్వుదిలి మేనల్లుణ్ని చిజిందు దగ్గర పెట్టాడు. ఆమె కోసం బజారు చివర ఇరుకు గది అద్దెకు తీసుకుని, ప్లాస్టిక్ బకెట్లూ బిందెలూ దింపించాడు.

మొదటి రోజు మధ్యాహ్నానికే ఆమె పాదాలు పొంగాయి. పక్కన చెప్పులమ్మే ఉగోయే చూసి, “ఒక పిల్లని పెట్టుకోరాదూ అక్కా?” అంది.

“పెట్టుకుంటే దానికి వండాలి కదే!”

చిజిందు వచ్చి బేరమాడకుండా రెండు బకెట్లు కొన్నాడు. “ఒంట్లో బాలేదా మేడమ్?”

“బానే ఉంది నాయనా. అలిసిపోయాను, అంతే.”

వాడు వెళ్లాక బకెట్ల దొంతరకి ఆనుకుని నిద్రపోయింది. ఈలోగా వచ్చినవాళ్లకి ఉగోయే రెండు మగ్గులమ్మి, ఆ నైరా నోట్లు ఆమె ఒళ్లో పెట్టింది.

ఇంటికెళ్లేసరికి ఒక్వుదిలి వీధిలో కొన్న అలసందల కూర రెండు కంచాల్లో సర్దుతున్నాడు. ఉప్పు చాల్లేదు. అయినా ఆమె తినేసింది.