పొయ్యిలో వేసే పిండిముద్ద

మా చిన్నప్పుడు... శుక్రవారం పొద్దు వాలకముందే మా నాయనమ్మ తాంబాళంలో గోధుమపిండి పోసుకుని పొయ్యి ముందు కూర్చునేది. మిరపకోతల నుంచి అప్పుడే వచ్చి, చేతులు భగభగ మండుతున్నా సరే... ఆ పని ఇంకొకరికి ఇచ్చేది కాదు.

పిండి కలిపాక ముందుగా ఒక చిన్న ముద్ద తుంచేది. కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పేది... అందులో హీబ్రూ మాటలు రెండో మూడో, మిగతాదంతా మా గుంటూరు తెలుగే. తర్వాత ఆ ముద్దను నిప్పుల్లో వేసేది. అది మాడి బొగ్గయ్యేదాకా మాకు రొట్టె లేదు.

మా పేటలో కొన్ని ఇళ్ళవాళ్ళం యూదుల ఆచారం పాటించేవాళ్ళం లెండి. శనివారం పనిలోకి వెళ్ళేవాళ్ళం కాదని, ఆదివారం చర్చికి వెళ్ళే మా చుట్టాలే మమ్మల్ని 'శనారపోళ్ళు' అని ఏడిపించేవాళ్ళు.

నా ప్రాణమంతా ఆ ముద్ద మీదే ఉండేది. కడుపు కాలుతుంటే కళ్ళముందే పిండి తగలబెడితే ఏ పిల్లకి ఒళ్ళు మండదు చెప్పండి!

"దేవుడికి కూడా ఆకలేనా నాయనమ్మా?" అని ఒకసారి అడిగేశాను.

"నోర్ముయ్యవే తిండిపోతుదానా! ఆయనకి ఆకలేందే? పొలమున్నోడు తొలిపంట తెచ్చియ్యాలన్నాడు. గొర్రెల మంద ఉన్నోడు తొలిపిల్లని తెచ్చియ్యాలన్నాడు. మనకి సెంటు భూమి ఉందా, మేకపిల్లుందా? అందుకే ముద్ద కూడా చాలన్నాడు. ముద్దయితే ఎవురన్నా ఇయ్యగలరు" అంది.

యెరూషలేములో గుడి ఎప్పుడో కూలిపోయిందట. బలిపీఠం లేదు, తీసుకోవడానికి యాజకుడు లేడు. కాబట్టి మన పొయ్యే బలిపీఠం, పిండి పిసికిన ఆడదే యాజకుడు... అలా చెప్పేది. పిండి అంటే మనమేనట. ఎంత నలిపినా మనలో ఒక ముద్ద దేవుడిది... దాన్ని ఏ ఆసామీ ముట్టుకోలేడట.

ఇప్పుడు నేను ఒమాన్‌లో, బర్కాలో ఒక ఇంట్లో పని చేస్తున్నాను. మాకు విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రమే ఇక్కడ ఇల్లంతా చుట్టాలు. శనివారమూ అంతే. దీపం పెట్టుకోవడానికి లేదు. ప్రార్థన పుస్తకం వెంట తెచ్చుకునే ధైర్యం లేకపోయింది. అడిగినవాళ్ళకి క్రిస్టియన్‌నని చెప్పుకున్నాను... ఈ రోజుల్లో ఈ దేశాల్లో ఇంకేం చెప్పుకోను?

అన్నీ పోయినా ముద్ద మాత్రం మిగిలింది. శుక్రవారం రొట్టెల పిండి నేనే కలిపేదాన్ని. చిటికెడు తుంచి, పెదాలు కదపకుండా నాయనమ్మ ప్రార్థన చెప్పుకుని, గ్యాసు మంట మీద మాడ్చేసేదాన్ని. వారమంతా నేను ఇంటి పనిమనిషిని... ఆ ఒక్క క్షణం మాత్రం దేవుడి పనిమనిషిని.

పోయిన నెల మా మేడమ్ చూసేసింది.

"క్యా జలాతీ హై? కిస్ కే లియే?" అంది. ఏం కాలుస్తున్నావు, ఎవరి కోసం అని.

ఆవిడ చెడ్డమనిషి కాదు. నాకు జ్వరమొస్తే తనే కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దేవుడి భాగమని చెబితే అర్థం చేసుకునేదేమో కూడా. కానీ ఏ దేవుడు, ఏ మతం అని తర్వాతి ప్రశ్న వస్తుంది కదా... అదే నా భయం.

"గావ్ కా రివాజ్ మేడమ్" అన్నాను. మా ఊరి ఆచారం అని. అదే నా కొంప ముంచింది.

లోపల ఆవిడ కోడలు నెలలు నిండి ఉంది. పరాయి దేశపు మనిషి, దొంగచాటుగా పిండి కాలుస్తోంది, అడిగితే ఊరి ఆచారమంటోంది... చేతబడి అనుకుంది. పంపించేయలేదు, అరవలేదు. "ఇక నుంచి పిండి ముట్టుకోకు. రొట్టెలు దుకాణం నుంచి వస్తాయి" అంది. అంతే.

ఆ రోజు బాత్రూములో నీళ్ళు వదిలి ఏడ్చాను.

సరేలే, ఇంటి దగ్గర మావాళ్ళు వేస్తున్నారుగా, నా వంతు కూడా వాళ్ళే వేస్తారని సర్దిచెప్పుకున్నాను. మా పాప మా అన్నయ్య దగ్గరే పెరుగుతోంది. వదినకి ఫోన్ చేసి, "వదినా, ఇకనుంచి ముద్ద వేసేటప్పుడు నా పేరు కూడా తలుచుకో" అన్నాను.



"ఇంకెక్కడి ముద్దలు! నాయనమ్మ పోయినకాడి నుంచి ఎవురూ ఎయ్యట్లేదు. మీ అన్న ఆదివారం చర్చికి పోతన్నాడు. కరెంటు పొయ్యి తెచ్చుకున్నాం... దాంట్లో మంటేది? నీకు తెలుసనుకున్నానే" అంది.

నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నేను వాళ్ళతో కలిసి వేస్తున్నాననుకున్నాను... నేనొక్కదాన్నే వేస్తున్నాను. ఇప్పుడు నేనూ లేను.

పక్కనుంచి మా పాప గొంతు వినిపించింది. "ముద్దంటే ఏందమ్మా?"

చెప్పబోయాను. అది ఫోన్‌లో చెబితే వచ్చేది కాదు. ఆకలితో పొయ్యి ముందు కూర్చుని, కుళ్ళుకుంటూ, మాడేదాకా చూడాలి. "ఏం లేదులే, తిన్నావా?" అని అడిగి పెట్టేశాను.

పేరు లేకుండా ఈ గ్రూపులో రాసుకుంటున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఇళ్ళల్లో మీరు తినకముందే దేవుడికని తీసిపెట్టే ముద్ద ఇంకా ఉంటే... ఎవరు తీస్తారో, ఎలా తీస్తారో కింద రాయండి. మీ పిల్లలని పక్కన కూర్చోబెట్టుకుంటున్నారో లేదో కూడా రాయండి. మా ఇంట్లో మాత్రం ఇక అయిపోయింది...