ఏడో నంబరు కథ

ఈ మాట పదేళ్లుగా నాలో ఉంది. బరువు అంటారే, అదే అనుకోండి. కానీ మనిషిని కుంగదీసే బరువు కాదు, చెప్పులో దూరిన చిన్న రాయి లాంటిది. నడవనిస్తుంది, తిననిస్తుంది, నిద్ర కూడా పోనిస్తుంది. తీసి పారేద్దామంటే మాత్రం నలుగురిలో వంగాలి. నేను వంగలేదు. ఇవాళ మీ ముందు వంగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదొక్కటే నా ధైర్యం.

ముందే చెప్పేస్తాను, నేను ఏడుస్తూ రాయడం లేదు. నాకేం లోటు? ఖరగ్‌పూర్‌లో పుట్టాను, ఇక్కడే రైల్వే వర్క్‌షాపులో గుమాస్తాని. ఓల్డ్ సెటిల్‌మెంటు అనే రైల్వే కాలనీలో క్వార్టరు, ఆదివారం తెలుగు చర్చి, చర్చి అయ్యాక అక్క చేతి చేపల పులుసు. దీనికి తోడు నాకో పిచ్చి ఉంది. మాయల కథలు రాస్తాను. రెక్కల గుర్రాలు, మాట్లాడే కోటలు, నీడను తాకట్టు పెట్టిన రాజులు. వారపత్రికలో మూడు సీరియళ్లు వచ్చాయి. మా వీధివాళ్లు నన్ను ‘రైటరు గారు’ అంటారు. అలా పిలిపించుకోవడం నాకు ఇష్టం. ఎంత ఇష్టమో చెప్పడానికే ఇదంతా.

దానియేలు బావ మా అక్క భర్త. మొన్నటిదాకా రైల్వే సిగ్నల్ కేబిన్‌లో పనిచేశాడు. అవతలి కేబిన్‌వాడు గంట కొట్టి బండి పంపనా అని అడుగుతాడు. ఇవతల బావ దారి ఖాళీగా ఉందని చూసుకుని సరేనని గంట కొడతాడు, ఆ వేళ రిజిస్టరులో రాస్తాడు. ఇంచుమించు బతుకంతా అదే పని. నా ప్రతి కథకూ మొదటి పాఠకుడు ఆయనే. చదివి, కవరు అంటించి, డ్యూటీకి పోతూ స్టేషన్‌లోని ఆర్.ఎం.ఎస్. తపాలా డబ్బాలో తన చేత్తోనే వేసేవాడు. కథ పడ్డ పత్రిక వస్తే నాకంటే ముందు ఆయనే కేబిన్‌కి పట్టుకుపోయి అందరికీ చూపించేవాడు.

ఎనభైల చివర్లో ఒక చలికాలం, ఊరి అంచున ఉన్న పెద్ద ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఇద్దరు తెలుగు విద్యార్థులు సైకిళ్ల మీద మా ఇంటికొచ్చారు. వాళ్ల కాలేజీలో సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం జరుపుతున్నారట. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషుతో పాటు తెలుగుకీ ఒక పూట ఇచ్చారట. నేను రాసేది సైన్స్ కాదయ్యా, మంత్రాలు అన్నాను. వాళ్లలో కళ్లద్దాల కుర్రాడు నిజాయితీపరుడు. “తెలుసు సార్, కానీ ఊళ్లో అచ్చయిన తెలుగు రచయిత మీరొక్కరే” అన్నాడు. పులుసు పెడుతున్న అక్క లోపల్నుంచి పకపకా నవ్వింది. నేను మాత్రం ఆ రోజంతా గాల్లో తేలుతూ తిరిగాను.

తెలుగు పూటకి కథల పోటీ కూడా పెట్టారు. ఊళ్లోవాళ్లు ఎవరైనా రాయవచ్చు. మొదటి బహుమతి వచ్చిన కథను వేదిక మీద చదివించి, సమ్మేళనం సంచికలో అచ్చు వేస్తారు. న్యాయనిర్ణేతను నేనే. కాగితాల మీద పేరు గానీ సంతకం గానీ ఉండకూడదు, పేరు వేరే కవరులో మూసి ఇవ్వాలి, కథల మీద నంబర్లే ఉండాలి. ఈ నియమం పెట్టమన్నది కూడా నేనే. పెద్ద పోటీల్లో అలాగే చేస్తారని ఎక్కడో విన్నాను మరి.

పదకొండు కథలొచ్చాయి. ఆదివారం పులుసు తిని, వరండాలో నులకమంచం మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మొదటి ఆరింట్లో నాలుగు రోబోలు, రెండు ఎగిరే పళ్లేలు. నాకు హాయిగా ఉంది. ఒక్కడూ నా దరిదాపుల్లో లేడు.

ఏడోది తీశాను.

ఒక కేబిన్. మధ్యాహ్నం. గంట మోగుతుంది. దారి ఇస్తావా అని అడుగుతున్నది ఆ లైను మీద లేని కేబిన్. రాబోయే కాలంలో ఎప్పుడో కట్టబోయే కేబిన్ అది. ఒక బండి అక్కణ్ణుంచి కాలంలో వెనక్కి బయల్దేరింది. అందులో ఎవరున్నారో, ఎందుకొస్తున్నారో ఇవతలి కేబిన్‌వాడికి తెలియదు. దారి ఖాళీగా ఉంది కాబట్టి ఇచ్చేశాడు. ఇచ్చాక ఆ పట్టాల మీదికి ఇంకే బండినీ రానివ్వడు. పైవాళ్లు తిడతారు, తోటివాళ్లు పిచ్చివాడంటారు. ఏళ్లు గడుస్తాయి. ఆఖరి రోజు చార్జి అప్పగిస్తూ రిజిస్టరులో రాస్తాడు: ‘బండి ఇంకా రాలేదు. దారి ఖాళీగా ఉంచవలెను.’ కొత్తగా వచ్చినవాడు అది చదివి, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అంతే కథ.

ఒక్క మంత్రం లేదు. ఒక్క అబ్బో లేదు. నా ఒళ్లు జలదరించింది. పదిహేనేళ్లుగా రెక్కలు కట్టి గుర్రాలను ఎగరేస్తున్నాను, ఇలా ఒక్కసారీ నేల విడవలేదు కదా అనుకున్నాను. అప్పుడే రెండో పేజీలో ఒక కొట్టివేత కనిపించింది. తప్పు పడిన మాట మీద సన్నగా ఒకే ఒక గీత, పక్కన రెండక్షరాల పొడి సంతకం. మూడో పేజీలో మరొకటి. మొత్తం నాలుగు.

మీరు రైల్వేవాళ్లు కాకపోతే ఇది చెప్పాలి. రిజిస్టరులో తప్పు రాస్తే చెరపకూడదు, దాని మీద దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి పక్కన పొడి సంతకం పెట్టాలి. ముందు ఏం రాశారో కింద చదవడానికి వీలుండాలి. రేపేదైనా జరిగి విచారణ వస్తే, ఎవడు ఎక్కడ మాట మార్చాడో తెలియాలి కదా. కేబిన్‌లో ముసలివాళ్లయినవాళ్లు కిరాణా చీటీ మీద కూడా అలాగే కొడతారు. పేరు దాచాల్సిన పోటీకి కథ రాసి, కొట్టివేసిన ప్రతిచోటా సంతకం పెట్టినవాడు ఈ భూమ్మీద మా బావ ఒక్కడే.

నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను. మంచం మీద నుంచి లేచి మంచినీళ్లు తాగాను. మళ్లీ కూర్చున్నాను. ఏడో నంబరు కాగితాల మీద ఎర్ర సిరాతో ‘సంతకములు ఉన్నందున పోటీకి అనర్హము’ అని రాశాను. రూలు రూలే కదా?

అది పరాయివాడి కథ అయివుంటే? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. పరాయివాడిదైతే సంతకాలు కనబడనట్టే ఊరుకుని మొదటి బహుమతి ఇచ్చేవాణ్ణి. పైగా ‘నేను పట్టుకున్న ముత్యం’ అని ఊరంతా చెప్పుకునేవాణ్ణి. పరాయివాడు గొప్పవాడైతే నాకు పోయేదేముంది? బావ గొప్పవాడైతే ఆదివారం పులుసు దగ్గర ఎవరి గురించి మాట్లాడుకుంటారు? ఛీ, ఇంత చిన్నదానికా అని మీరనుకోవచ్చు. ఇంత చిన్నదానికే.

సమ్మేళనం నాడు హాలంతా కళకళలాడింది. విద్యార్థులు అట్టముక్కలతో రోబో వేషాలు వేసుకున్నారు. నా ప్రసంగం అయ్యాక ఒకడు లేచి, “సార్, మీ రెక్కల గుర్రానికి ఇంధనం ఏమిటి?” అని అడిగాడు. గుగ్గిళ్లు అన్నాను. హాలు గొల్లుమంది. నాలుగో వరసలో అక్క, ఇస్త్రీ బుష్‌షర్టులో బావ. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే. తర్వాత నేను ఫలితాలు చదివాను. వంటచేసే రోబో కథకి మొదటి బహుమతి. ఏడో నంబరు నియమం ప్రకారం పక్కన పెట్టడమైనది. కళ్లద్దాల కుర్రాడు నా చెవిలో, అది చాలా బాగుంది కదా సార్ అని గొణిగాడు. నేను వినబడనట్టు నీళ్ల గ్లాసు అందుకున్నాను.

సాయంత్రం అక్కను రిక్షా ఎక్కించి, బావా నేనూ సైకిళ్లు నడిపించుకుంటూ ఇంటిదారి పట్టాం. కొంతదూరం పోయాక ఆయన తనలో తనే నవ్వుకున్నాడు.

“ఒరే బామ్మర్దీ, ఆ ఏడోది నాదేరా.”

“నీదా?” అన్నాను. ఎంత బాగా ఆశ్చర్యపోయానో! ఆ క్షణంలో నన్ను చూస్తే నాటకాల కంపెనీవాడు తీసుకుపోయేవాడు.

“నీకు సెప్పనేదు. సెప్తే నువ్వు మొగమాటపడతావని. అయినా సూడు నా తెలివి! కొట్టేసిన సోటల్లా సంతకం ఎట్టేసినాను. ఎట్టకపోతే నాకు కాగితం మీద తప్పు సేసినట్టే ఉంటాది. అలవాటైపోనాది మరి.” సైకిల్ గంటను వేలితో మెల్లగా నిమిరాడు. “అది పోన్లే. బహుమానం ఎవడిక్కావాల. నువ్వు సదివినావు గదా. ఎలాగుంది?”

అంతే అడిగాడు. పదిహేనేళ్లు నా చెత్తా చెదారం అంతా చదివి, బాగుందిరా బాగుందిరా అన్న మనిషి, ఒక్కసారి అడిగాడు. బాగుందంటే సరిపోయేది. రూలు వల్ల పోయింది గానీ అందరిలోకీ అదే మేలు అంటే ఆ రాత్రి అక్కతో చెప్పుకుని పొంగిపోయేవాడు. రెండోది రాసేవాడు. మూడోది రాసేవాడు. నాకది తెలుసు. తెలిసే అన్నాను.

“పర్లేదు బావా. కానీ అది కథ కాదు. డ్యూటీ రిపోర్టులా ఉంది.”

బావ తలూపాడు. “అంతేలే. రాసీవోడివి నువ్వు, నీకు తెలుస్తాది. మనవల్ల అవుద్దేటి?” అన్నాడు. తర్వాత చేపల బజారు సంగతి ఎత్తాడు. మళ్లీ రాయలేదు.

అది నాకు నిజంగానే కథలా అనిపించలేదు. — పై వాక్యం కొట్టివేయడమైనది. సా.ప.

ఇప్పుడు నిజం. కాగితాలు ఎవరికి వాళ్లకు తిరిగివ్వమని కుర్రాళ్లు నాకు పంపితే, ఏడో నంబరు ఇవ్వలేదు. ఎక్కడో పోయాయని బావతో అన్నాను. అవి నా బీరువాలో, పాత పత్రికల కింద మా ఆవిడకు కూడా కనబడని చోట ఉన్నాయి. ఏడాదికి రెండుసార్లయినా తీసి చదువుతాను. నా పేరుతో అచ్చు వేయించుకోలేదు. అది నా మంచితనం అనుకోకండి, చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది అది నాది కాదని.

తర్వాతి ఏళ్లు బాగానే గడిచాయి. నిజం చెప్పాలంటే చాలా బాగా గడిచాయి. బావ ఊళ్లోనే మలంచా వైపు చిన్న ఇల్లు కట్టుకున్నాడు, గోడ పొడవునా చిక్కుడు పాకించాడు. ఆదివారం పులుసు అక్కడికి మారింది. నా మూడో సీరియల్ వచ్చింది, ఆయన దాన్ని వరసగా కత్తిరించి కుట్టి అట్ట వేయించాడు. ఆయన మొహంలో ఎప్పుడూ ఏ గాయం కనబడలేదు. నేను వెతికాను. కనబడితే బాగుండునని కూడా అనుకున్నాను, కనీసం క్షమాపణ చెప్పడానికి ఒక చోటు దొరికేది.

కిందటి నెల బావ రిటైరయ్యాడు. కేబిన్‌లో దండలు, టీ, ఇక్కడ సింఘాడాలనే సమోసాలు. ఆయనతో కలిసి పనిచేసిన బెంగాలీ దాదా ఒకాయన హిందీలో ఆటపట్టించాడు, ఇక ఖాళీయే కదా, నీ బామ్మర్దిలా నువ్వూ గొల్పో రాయి అని. వాళ్ల భాషలో కథని గొల్పో అంటారు. బావ నా భుజం మీద చేయి వేసి, ముందు ఆయనకు హిందీలో, తర్వాత మనవాళ్లకు తెలుగులో చెప్పాడు.

“ఒకపాలి రాసినాను. ఈడే జడ్జీ. సొంత బావనని కూడా సూడకుండా, బాగోనేదని మొగమ్మీదే సెప్పేసినాడు. అలాగుండాల మనిషి. అందుకే నాకు ఈడంటే అంత గౌరవం.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. పదేళ్లుగా ఆయన మోస్తున్నది బాధ కాదు, నా మీద గౌరవం! తిట్టి ఉంటే ఈ కాగితం రాసేవాణ్ణి కాదేమో. చార్జి అప్పగించే ముందు ఆయన రిజిస్టరులో చివరి వేళ రాసి, కుర్చీని కొత్తవాడి వైపు జరిపాడు. అచ్చం కథలో లాగే. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఈ కాగితాల మీద నా పేరు పెట్టలేదు. అంత ధైర్యం ఇప్పటికీ లేదు. కానీ పైన ఒక అబద్ధం రాసి, చెరపకుండా, అది చదవడానికి వీలుగా ఉంచి, కొట్టివేసి సంతకం చేశాను చూశారా, దాన్ని అలాగే అచ్చు వేయమని సంపాదకుణ్ణి బతిమాలుతున్నాను. ఆ రెండక్షరాలు మీకెవరికీ తెలియవు. నా సీరియళ్లన్నీ కుట్టి దాచుకున్న ఒక మనిషికి తెలుసు. ఆయన ఈ పత్రిక అట్ట నుంచి అట్ట దాకా చదువుతాడు. చదివాక ఆదివారం పులుసుకు నన్ను పిలుస్తాడో లేదో నాకు తెలియదు. అడగను కూడా.

కవరు నేనే అంటించాను. మొదటిసారి నేనే స్టేషన్‌కి వెళ్లి డబ్బాలో వేస్తాను. చెప్పేశాను కదా, ఒళ్లు తేలిగ్గా ఉంది. ఇంకొక్క ముక్క మిగిలింది, సైకిల్ పట్టుకుని నడుస్తూ నువ్వు అడిగినదానికి.

బాగుంది బావా. పదకొండింట్లో అదే బాగుంది. నేను రాసినవన్నీ కలిపినా అదే బాగుంది.