పోచమ్మ చెవులకు పసుపు

జక్రాన్‌పల్లి కాడ బస్సులోకి పసుపు ఉడికే వాసన రాంగనే చిన్నప్పటి భయం యాదికొచ్చింది.

నాకు ఏడేండ్లప్పుడు తమ్ముడు జ్వరంతోని పోయిండు. నెల తిరగకముందే మా చేన్ల పసుపు ఉడకబెట్టిండ్రు. పని నడుమ మమ్ముల గన్న అవ్వ లేచి, చేను గట్టుమీది పోచమ్మ రాయి ముందటికి పోయి కూలబడ్డది.

"నీకు నేనేం తక్కువ జేసిన? నా కొడుకును ఎందుకు తీస్కపోయినవే?" అని అరిచింది.

పోచమ్మకు కోపమొస్తే నన్ను గూడ తీస్కపోతదని భయపడ్డ. అవ్వ అటు పోంగనే ఉడికిన పసుపు కొమ్ములు మెదిపి, రాయికి చెవులుండే రెండు దిక్కుల మందంగ మెత్తిన, ఇంకేం ఇనపడొద్దని.

అవ్వ చూసింది. కొడుతదనుకున్న. కొంగుతోని మెల్లగ తుడిచి, "ఆమె గూడ ఇనకపోతే నేనెవలికి చెప్పుకోవాలె బిడ్డా?" అన్నది.

ఇయ్యాల నా బిడ్డ నిజామాబాద్ దవాఖానల ఉన్నది. బస్సులనే కూసోని, భయపడుకుంటనే, అవ్వ లెక్క పోచమ్మను తిట్టిన.